మొక్కల మందు తగిలినప్పుడు దోమ లార్వా జన్యువులు ఎలా స్పందిస్తాయి? తరచుగా అడిగే ప్రశ్నలు

రసాయన మందులకు దోమలు అలవాటు పడతాయని, మొక్కల మందులకు మాత్రం పడలేవని చాలామంది నమ్ముతారు. అందులో సగమే నిజం. మిగతా సగం ఎక్కడ తప్పుతోందో తెలియాలంటే నీటిలో తిరిగే లార్వా కణాల దాకా వెళ్లాలి. కింది ప్రశ్నలు వరుసగా చదివితే సులువుగా అర్థమవుతాయి. తొందరలో ఉన్నవారు నిరోధకత గురించిన ప్రశ్నలకు నేరుగా వెళ్లినా నష్టం లేదు.

దోమను వదిలేసి లార్వా మీదే ఇంత దృష్టి ఎందుకు?

రెక్కలు వచ్చిన దోమ మందు వాసన తగిలితే ఎగిరిపోతుంది. లార్వాకు ఆ వెసులుబాటు లేదు. గుడ్డు నుంచి బయటపడిన దగ్గర నుంచి ప్యూపాగా మారే దాకా నాలుగు దశలూ అది అదే నీటిలో గడపాలి. తల దగ్గరి కుంచెల్లాంటి రోమాలతో నీటిని అదేపనిగా కదుపుతూ, దొరికిన సూక్ష్మజీవులను, కుళ్లిన ఆకు తునకలను మింగుతూ ఉంటుంది. నీటిలో ఏది కలిస్తే అది దాని పేగులోకి చేరుతుంది.

పరిశోధకులకు ఇంకో సౌలభ్యం కూడా ఉంది. లార్వా దశలో పెరుగుదల, కుబుసం విడవడం, హార్మోన్ల ఎగుడుదిగుళ్లు అన్నీ కొద్ది రోజుల్లోనే జరిగిపోతాయి. అందువల్ల మందు దెబ్బ ఏ జన్యువు మీద పడిందో త్వరగా కనిపిస్తుంది.

మొక్కల కీటకనాశినులన్నీ ఒకే రకమా?

కాదు. "మొక్కల మందు" అనేది పుట్టిన చోటును చెప్పే పేరు మాత్రమే. అది ఎలా చంపుతుందో ఆ పేరు చెప్పదు.

పైరెత్రం చామంతి పూలలో దొరికే పైరెత్రిన్‌లు నరాల మీద పనిచేస్తాయి. నరకణపు పొరలో సోడియం రాకపోకలకు ఒక ద్వారం ఉంటుంది. పైరెత్రిన్ దాన్ని మూసుకోనివ్వదు. దాంతో నరం ఆగకుండా సంకేతాలు పంపుతూనే ఉంటుంది. పొగాకులోని నికోటిన్‌దీ నరాల మీద దెబ్బే, కానీ అది వేరే గ్రాహకానికి, అంటే సంకేతాన్ని అందుకునే ప్రోటీనుకు, అంటుకుంటుంది. డెర్రిస్ వేళ్లలోని రోటెనోన్, సీతాఫలం జాతి గింజల్లోని అసిటోజెనిన్‌లు మైటోకాండ్రియాలో శక్తి తయారయ్యే గొలుసును మొదటి మెట్టు దగ్గరే ఆపేస్తాయి. వేప గింజలోని అజాడిరక్టిన్ ఎదుగుదలను తప్పుదారి పట్టిస్తుంది. లవంగంలోని యూజెనాల్, వాములోని థైమాల్ వంటి సుగంధ తైల పదార్థాలు ఒకటి కంటే ఎక్కువ చోట్ల తగులుతాయి. కీటకాలలో ఆక్టోపమైన్ అనే సంకేత రసాయనానికి ఉండే గ్రాహకాలు వాటి గురుల్లో ఒకటి. వెన్నెముక ఉన్న జంతువుల నాడీ వ్యవస్థలో ఆ గ్రాహకాలు లేకపోవడం వల్లే ఈ తైలాల మీద అంత ఆసక్తి.

తగిలే చోటు మారితే స్పందించే జన్యువులూ మారతాయి. కాబట్టి "మొక్కల మందుకు లార్వా జన్యు స్పందన" అని ఒకే జాబితా ఇవ్వమంటే ఎవరూ ఇవ్వలేరు. అన్నింటిలోనూ పదే పదే కనిపించే జన్యు కుటుంబాలు కొన్ని మాత్రం ఉన్నాయి. వాటి దగ్గరికి వస్తాం.

జన్యువులు స్పందించడమంటే డీఎన్ఏ మారిపోవడమా?

కాదు. ఎక్కువమంది తడబడేది ఇక్కడే.

ఏడిస్ ఈజిప్టై దోమలో ప్రోటీన్లు తయారు చేసే జన్యువులు సుమారు 15,000 ఉంటాయి. ప్రతి కణంలోనూ అవన్నీ ఉంటాయి, కానీ అన్నీ ఒకేసారి పనిచేయవు. అవసరమైన జన్యువు నుంచి ఆర్ఎన్ఏ ప్రతులు తయారవుతాయి, ఆ ప్రతులను బట్టి ప్రోటీను తయారవుతుంది. మందు తగిలినప్పుడు కొన్ని జన్యువుల ప్రతులు పెరుగుతాయి, కొన్నింటివి తగ్గుతాయి. దీన్నే జన్యు వ్యక్తీకరణలో మార్పు అంటారు. వంటపుస్తకంలోని అక్షరాలు అలాగే ఉంటాయి. ఈ పూట ఏ పేజీ తెరిచారన్నదే మారుతుంది.

పుస్తకంలోని అక్షరాలే మారడం వేరే సంగతి. అది ఒక లార్వా జీవితకాలంలో మందుకు జవాబుగా జరిగేది కాదు. తరాల తరబడి ఎంపిక జరిగితే సమూహంలో స్థిరపడేది.

నీటిలో విషం ఉందని లార్వాకు ఎలా తెలుస్తుంది?

"తెలియడం" అనే మాట ఇక్కడ కాస్త ఎక్కువే. కణంలో కాపలా ప్రోటీన్లు కొన్ని ఉంటాయి. వాటిలో బాగా పరిశీలించిన జంట కీప్1, సీఎన్‌సీసీ. మామూలు రోజుల్లో కీప్1 తన జతగాడైన సీఎన్‌సీసీని పట్టి ఉంచుతుంది, ఎప్పటికప్పుడు నాశనం చేయిస్తుంది. విషం వల్ల కణంలో ఆక్సీకరణ ఒత్తిడి (చురుకైన ఆక్సిజన్ అణువుల వల్ల కణానికి తగిలే దెబ్బ) పెరిగితే ఆ పట్టు సడలుతుంది. విడుదలైన సీఎన్‌సీసీ కేంద్రకంలోకి వెళ్లి, మాఫ్ అనే మరో ప్రోటీనుతో జతకట్టి, విషాన్ని విరిచే జన్యువుల ముందు భాగంలో కూర్చుని వాటిని పని చేయిస్తుంది. మనుషుల్లోనూ దాదాపు ఇదే ఏర్పాటు ఉంది. అక్కడ సీఎన్‌సీసీ పాత్ర పోషించే ప్రోటీను పేరు ఎన్‌ఆర్‌ఎఫ్2.

ఇది ఒక్కటే దారి కాదు. కొన్ని సుగంధ వలయ రసాయనాలకు స్పందించడంలో ఏహెచ్ గ్రాహకం అనే మరో ప్రోటీనుకూ పాత్ర ఉన్నట్లు కనిపిస్తోంది. పండ్ల ఈగల మీద జరిగిన పరిశోధనల్లో హెచ్ఆర్96 అనే కేంద్రక గ్రాహకం కూడా ఈ పనిలో కనిపించింది.

ముందుగా ఏ జన్యువులు మేల్కొంటాయి?

విషాన్ని వదిలించుకోవడానికి లార్వా మూడు అంచెలుగా పనిచేస్తుంది. విషపు అణువులు చాలావరకు నూనె స్వభావం కలవి. అవి నీటిలో కరగవు, కాబట్టి విసర్జన కావు. ఈ మూడు అంచెల ఉద్దేశమూ ఒకటే: నూనెలాంటి దాన్ని నీటిలో కరిగేలా మార్చి బయటికి నెట్టడం.

మొదటి అంచెలో సైటోక్రోమ్ పీ450 ఎంజైములు, ఎస్టరేజ్‌లు ఉంటాయి. పీ450లు అణువుకు ఒక ఆక్సిజన్ పరమాణువును తగిలిస్తాయి. ఎస్టరేజ్‌లు ఎస్టర్ బంధాన్ని తెంచుతాయి. కార్బన్ మోనాక్సైడ్‌తో కలిసినప్పుడు 450 నానోమీటర్ల దగ్గర కాంతిని పీల్చుకునే గుణం వల్ల పీ450కి ఆ పేరు వచ్చింది, అంతకు మించి అందులో రహస్యం లేదు. రెండో అంచెలో గ్లూటాథయోన్ ట్రాన్స్‌ఫరేజ్‌లు, యూజీటీ ఎంజైములు ఆ అణువుకు గ్లూటాథయోన్‌నో చక్కెరనో అతికిస్తాయి. మూడో అంచెలో ఏబీసీ రవాణా ప్రోటీన్లు ఆ సరుకును కణం బయటికి తోడేస్తాయి. పేగు గోడ, కొవ్వు కణజాలం, దోమలో అయిదే ఉండే మాల్పీజియన్ నాళికలు ఈ పని జరిగే ముఖ్యమైన చోట్లు. లార్వా మొత్తాన్ని నలిపి ఆర్ఎన్ఏ తీస్తే ఈ తేడాలన్నీ కలగలిసిపోతాయి. పేగును విడిగా కోసి తీసిన ఫలితాలను నేను ఎక్కువగా నమ్మడానికి కారణం అదే.

పీ450లలో అన్నీ ఈ పని చేయవు. సీవైపీ6, సీవైపీ9 కుటుంబాల పేర్లు విషాల సందర్భంలో తరచుగా వినబడతాయి. సీవైపీ4 కుటుంబానిది కాస్త మిశ్రమ వ్యవహారం. హార్మోన్ల తయారీలో ఉండే పీ450లు వేరే ఉన్నాయి, వేప ప్రశ్నలో అవి మళ్లీ వస్తాయి.

లార్వా ఎప్పుడూ చూడని మొక్క విషానికి ముందే ఎంజైము ఎలా సిద్ధంగా ఉంది?

నిజానికి ఇలాంటివి అది చూసే ఉంటుంది. గుంటల్లో, చెట్టు తొర్రల్లో పడిన ఆకులు కుళ్లుతున్నప్పుడు టానిన్‌లు, ఫినాల్‌లు నీటిలోకి దిగుతాయి. ఆ ఆకు తునకలే లార్వా ఆహారం. యూరప్‌లోని ఆల్ప్స్ పర్వత ప్రాంతపు గుంటల్లో పరిశోధకులు ఈ సంగతినే గమనించారు. కుళ్లిన ఆల్డర్ ఆకులు కొన్ని దోమ లార్వాలకు ప్రాణాంతకం. ఆకులు ఎక్కువగా రాలే చోట పెరిగే జాతులు మాత్రం తట్టుకుంటున్నాయి, వాటిలో విషాన్ని విరిచే ఎంజైముల చురుకూ ఎక్కువే.

ఇంకా వెనక్కి వెళితే ఇది మొక్కలకూ కీటకాలకూ మధ్య కోట్ల ఏళ్లుగా సాగుతున్న పోటీ. మొక్క కొత్త విషం తయారు చేస్తే, దాన్ని అరిగించుకోగల కీటకం మిగులుతుంది. సీతాకోకచిలుకలనూ వాటి ఆహార మొక్కలనూ పక్కపక్కన పెట్టి ఎర్లిక్, రేవెన్ అనే శాస్త్రవేత్తలు 1964లో ఈ సహపరిణామ భావనను ముందుకు తెచ్చారు. దోమ లార్వా పచ్చి ఆకును నమలదు. అయినా ఎండిన ఆకుల కషాయంలోనే పుట్టి పెరుగుతుంది. మనిషి తయారు చేసిన రసాయనాలను విరిచే ఎంజైములు ఏ పాత పని కోసం ఉన్నవో ఊహించడం కష్టం కాదు.

వేప మందు తగిలిన లార్వాలో ఏమి జరుగుతుంది?

వేప కథ మిగతా వాటికంటే లోతైనది. అజాడిరక్టిన్‌ను 1968లో వేరుచేశారు. ఆ అణువు ఎంత చిక్కుముడంటే, ప్రయోగశాలలో మొదటినుంచి చివరిదాకా తయారు చేయడం 2007 దాకా ఎవరి వల్లా కాలేదు. చెట్టు మాత్రం ఏటా గింజల నిండా తయారు చేస్తోంది.

లార్వా ఒక దశ నుంచి మరో దశకు వెళ్లాలంటే పాత చర్మం విడిచి కొత్తది తొడుక్కోవాలి. ఈ పనికి ముహూర్తం పెట్టేది ఎక్డైసోన్ అనే హార్మోను. అది క్రియాశీల రూపంలోకి మారి, ఈసీఆర్, యూఎస్‌పీ అనే గ్రాహకాల జంటకు అంటుకుంటుంది. వెంటనే ఈ74, ఈ75, బ్రాడ్ వంటి తొలి జన్యువులు పలుకుతాయి. అవి తర్వాతి జన్యువులను లేపుతాయి: కొత్త చర్మానికి కైటిన్ అనే పదార్థాన్ని అల్లేవి, పాత చర్మాన్ని కరిగించేవి. వరుసలో ఒకటి ఆలస్యమైనా మొత్తం తప్పుతుంది. ఇంకోవైపు జువెనైల్ హార్మోను "ఇంకా పెద్దవ్వకు, లార్వాగానే ఉండు" అని ఆపుతూ ఉంటుంది. ఈ రెండింటి లయ కుదిరితేనే లార్వా ప్యూపా అవుతుంది.

అజాడిరక్టిన్ ఈ హార్మోన్ల విడుదలను దెబ్బతీస్తుంది. ఫలితంగా హార్మోను సంకేతం మీద ఆధారపడిన జన్యువులు తగ్గడమో, వేళ తప్పి పలకడమో జరుగుతుంది. కంటికి కనిపించేది ఏమిటంటే, లార్వా దశ సాగిపోతుంది, సగం విడిచిన చర్మంలో చిక్కుకుని కొన్ని చస్తాయి, కొన్ని లార్వాకూ ప్యూపాకూ మధ్య వింత రూపంలో ఆగిపోతాయి. వేప మందును 24 గంటల్లో చచ్చిన లార్వాల సంఖ్యతో మాత్రమే తూచి "పనిచేయదు" అని తేల్చేయడం పొరపాటు. రెక్కల దోమగా ఎన్ని బయటికి వచ్చాయో చూడాలి.

ఎక్డైసోన్‌ను తయారు చేసేవి కూడా పీ450 కుటుంబపు ఎంజైములే. ఈగలలో ఈ జన్యువులు పాడైతే పిండం పైచర్మం సరిగా ఏర్పడక దెయ్యంలా కనిపించిందట. శాస్త్రవేత్తలు వాటికి ఫాంటమ్, స్పూక్, షాడో, షేడ్, డిసెంబాడీడ్ అని పేర్లు పెట్టి, అన్నిటినీ కలిపి హాలోవీన్ జన్యువులు అన్నారు. జన్యువులకు పేర్లు పెట్టడంలో ఈగల పరిశోధకులకు ఉన్న సరదా మరెవరికీ లేదు.

హార్మోన్లను ఆడించే మొక్క వేప ఒక్కటేనా?

కాదు. 1965లో ఒక తమాషా జరిగింది. కారెల్ స్లామా అనే శాస్త్రవేత్త ప్రాగ్ నుంచి హార్వర్డ్‌కు తనతో ఒక జాతి నల్లులను (మంచాల నల్లులు కావు) తీసుకువెళ్లాడు. ప్రాగ్‌లో బాగా పెరిగిన ఆ నల్లులు అక్కడ పెద్దవి కావడం మానేసి, లార్వా దశలోనే ఇంకోసారి కుబుసం విడిచాయి. వెతగ్గా వెతగ్గా దోషం పెట్టెలో పరిచిన కాగితానిదని తేలింది. అమెరికా కాగితానికి వాడే బాల్సమ్ ఫర్ చెట్టులో జువెనైల్ హార్మోనులా పనిచేసే పదార్థం ఉంది.

ఆ హార్మోను గ్రాహకం పేరు మెట్. మరో ప్రోటీనుతో అది కట్టే జతను విడగొట్టే పదార్థాలు కూడా మొక్కల్లో ఉన్నాయని 2015లో ఏడిస్ దోమ ప్రోటీన్ల సాయంతోనే చూపించారు. ఒక మొక్క హార్మోనుకు వేషం వేస్తే, మరో మొక్క దాని నోరు నొక్కుతోందన్నమాట.

విషాన్ని విరిచే జన్యువులు తప్ప మరేమీ మారవా?

చాలానే మారతాయి. దెబ్బతిన్న ప్రోటీన్లను మళ్లీ సరిగా మడిచే హెచ్‌ఎస్‌పీ70 వంటి ప్రోటీన్లు పెరుగుతాయి. ఆక్సీకరణ ఒత్తిడిని తట్టుకునే కాటలేజ్, సూపరాక్సైడ్ డిస్మ్యుటేజ్ పెరుగుతాయి. చర్మపు ప్రోటీన్లు, పేగులో ఆహారాన్ని చుట్టి ఉండే పొర ప్రోటీన్లు మారతాయి. ఆ పొర పలుచబడితే విషం కణాలకు సులువుగా చేరుతుంది. జీర్ణ ఎంజైముల జన్యువులు తరచుగా తగ్గుతాయి. తిండి మానేసిన లార్వాలో అది సహజమే. అందుకే అది మందు నేరుగా చూపిన ప్రభావమా, ఆకలి ప్రభావమా అని విడదీయడం కష్టం.

ఒక జన్యువు పది రెట్లు పెరిగిందంటే అదే లార్వాను కాపాడిందని అర్థమా?

అలా అనుకోకూడదు. ఇల్లు అంటుకున్న చోట జనం గుమిగూడతారు. గుమిగూడిన వాళ్లందరూ నీళ్లు పోసేవాళ్లు కారు.

అనాఫిలిస్ గాంబియే దోమలోని ఒక దగ్గరి బంధువుల జంటే దీనికి సాక్ష్యం. సీవైపీ6జెడ్1 ఎంజైము డీడీటీని విరుస్తుంది. దాని పక్కింటి చుట్టం సీవైపీ6జెడ్2 నిరోధకత ఉన్న దోమల్లో ఎక్కువగా కనిపించి ఆశ పెట్టింది. పరీక్షనాళికలో చూస్తే పైరెత్రాయిడ్‌లకు (పైరెత్రిన్‌ను అనుకరించి చేసిన కృత్రిమ మందులకు) అంటుకుంటుంది గానీ వాటిని విరవలేదు. ప్రతుల సంఖ్య మాత్రమే చూసి ఉంటే రెండింటినీ ఒకే గాటన కట్టేవాళ్లం.

నిజంగా కాపాడుతోందని చెప్పాలంటే ఇంకా సాక్ష్యం కావాలి. ఆ జన్యువును ఆర్ఎన్ఏ అంతరాయం పద్ధతితో అణచి, లార్వా ముందుకంటే తేలికగా చస్తోందా చూడాలి. లార్వాలకు సూది వేయడం కష్టం కాబట్టి కైటోసాన్ కణాల్లో చుట్టిన రెండు పోగుల ఆర్ఎన్ఏను తిండితో పాటు తినిపించే పద్ధతిని 2010లో అనాఫిలిస్ లార్వాలలో చూపించారు. లేదా ఆ ఎంజైమును బ్యాక్టీరియాలో తయారు చేయించి, విషాన్ని అది స్వయంగా విరుస్తుందో లేదో పరీక్షించాలి. ఈ రెండో మెట్టు ఎక్కకుండానే "నిరోధకత జన్యువు దొరికింది" అని రాసే కథనాలు చాలా ఉన్నాయి. చదివేటప్పుడు ఒక అడుగు వెనక్కి వేయడం మంచిది.

ఈ పరీక్షలు ఎలా చేస్తారు?

మొదట ఎంత మోతాదుకు ఎన్ని చస్తాయో తేల్చాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2005 మార్గదర్శకాల ప్రకారం మూడో దశ చివర లేదా నాలుగో దశ మొదట్లో ఉన్న లార్వాలను ఒక్కో గిన్నెలో 25 చొప్పున వేసి, 24 గంటల తర్వాత లెక్కిస్తారు. నెమ్మదిగా పనిచేసే మందులకు 48 గంటలు ఆగుతారు. మందు వేయని గిన్నెలో కూడా కొన్ని చస్తాయి. అవి 5 నుంచి 20 శాతం మధ్య ఉంటే 1925 నాటి అబాట్ సూత్రంతో సరిచేస్తారు. 20 దాటితే పరీక్షనే పక్కన పెట్టి మళ్లీ చేస్తారు. సగం లార్వాలను చంపే గాఢతను ఎల్‌సీ50 అంటారు.

జన్యు స్పందన చూడటానికి సాధారణంగా అంతకంటే తక్కువ మోతాదు, అంటే 10 నుంచి 30 శాతాన్ని చంపేది వాడతారు. చచ్చిన లార్వా ఆర్ఎన్ఏ చెదిరిపోతుంది, దానితో ఏమీ తేలదు. ఇక్కడే ఒక మెలిక ఉంది. బతికిన వాటినే తీసుకుంటే, మందు వల్ల జన్యువు పెరిగిందా, మొదటినుంచీ ఎక్కువ ఉన్నవే బతికాయా అన్నది చెప్పలేం. మోతాదు ఎంత తక్కువైతే ఈ గందరగోళం అంత తగ్గుతుంది.

ఆర్ఎన్ఏ తీశాక కొన్ని జన్యువులనే కొలవాలంటే క్యూపీసీఆర్, అన్నిటినీ చూడాలంటే ఆర్ఎన్ఏ వరుస పఠనం. మొక్క సారాన్ని ఏ ద్రావకంలో కరిగించారో ఆ ద్రావకం ఒక్కటే పోసిన గిన్నె తప్పనిసరిగా ఉండాలి. ఆల్కహాల్ తగిలినా కొన్ని పీ450లు కదులుతాయి. ఇక లార్వాల వయసు కొన్ని గంటలు అటూ ఇటూ అయినా ఎక్డైసోన్ జన్యువులు పూర్తిగా వేరే అంకెలు చూపిస్తాయి.

తాత్కాలిక స్పందనకూ నిరోధకతకూ తేడా ఏమిటి?

మందు తగిలిన కొద్ది గంటల్లో ఎంజైములు పెరుగుతాయి. మందు పోయాక మళ్లీ తగ్గుతాయి. ఇది ఆ లార్వా వరకే పరిమితమైన ప్రేరణ. ఏ లార్వాకైనా ఎంతో కొంత ఉంటుంది.

నిరోధకత సమూహానికి సంబంధించినది, వారసత్వంగా వచ్చేది. దానికి ప్రధానంగా రెండు దారులు. ఒకటి, విషం తగిలే చోటే మారిపోవడం. సోడియం ద్వారపు ప్రోటీనులో 1014వ స్థానంలో లూసిన్ బదులు ఫినైల్అలనిన్ వస్తే పైరెత్రాయిడ్ సరిగా అంటుకోదు. అనాఫిలిస్, క్యూలెక్స్ దోమల్లో ఇది సుపరిచితం. ఏడిస్ ఈజిప్టైలో ఆ చోట మార్పు రావాలంటే డీఎన్ఏలో రెండు అక్షరాలు మారాలి. అందుకే ఆ దోమలో 1016, 1534 వంటి ఇతర స్థానాల్లో మార్పులు కనిపిస్తాయి. రెండో దారి, విషాన్ని విరిచే ఎంజైమును మందు లేకపోయినా శాశ్వతంగా ఎక్కువగా తయారు చేయడం. జన్యువును నడిపే భాగం మారవచ్చు, లేదా జన్యువే పదే పదే నకలు కావచ్చు. క్యూలెక్స్ దోమలో ఆర్గానోఫాస్ఫేట్ మందుల ఒత్తిడికి ఒక ఎస్టరేజ్ జన్యువు 200కు పైగా ప్రతులైన ఉదాహరణ ఉంది.

ప్రేరణ నుంచి నిరోధకత పుడుతుందా అని తర్వాతి ప్రశ్న వస్తుంది. నేరుగా పుట్టదు. కానీ ప్రేరణ వల్ల బొటాబొటిగా బతికిన లార్వాలు దోమలై గుడ్లు పెడతాయి. ఎంపికకు కావలసిన సరుకు అక్కడి నుంచి వస్తుంది.

అయితే మొక్కల మందులకు నిరోధకత రాదా?

ఒకే శుద్ధ పదార్థం వాడితే వస్తుంది. అనేక పదార్థాల మిశ్రమానికి రావడం కష్టం. ఈ తేడాను చక్కగా చూపిన పరీక్ష దోమల మీద కాదు, పేనుబంక మీద జరిగింది. 1995లో ప్రచురించిన ఆ పరిశోధనలో ఒక వరుసకు శుద్ధ అజాడిరక్టిన్, మరో వరుసకు వేప గింజల సారం ఇస్తూ 40 తరాలు పెంచారు. శుద్ధ పదార్థం తగిలిన వరుస 9 రెట్ల నిరోధకత తెచ్చుకుంది. సారం తగిలిన వరుసలో అది రాలేదు. ఒక తాళానికి చెవి చేసుకోవచ్చు. ఒకే తలుపుకు పది తాళాలు వేస్తే అన్నిటికీ ఒకేసారి చెవులు కుదరవు.

ఇక్కడ పైరెత్రం సంగతి మరిచిపోకూడదు. కృత్రిమ పైరెత్రాయిడ్‌లు దాని అణువును చూసి మనిషి చేసుకున్నవే. వాటి వల్ల సోడియం ద్వారం మారిన దోమలకు అసలు పూల సారం కూడా సరిగా పనిచేయకపోవచ్చు. మొక్క నుంచి వచ్చింది కదా అన్న భరోసా అక్కడ పనికిరాదు.

ఒక మందుకు స్పందించిన లార్వా మరో మందును కూడా తట్టుకుంటుందా?

కొంతవరకు, అవును. ఏడిస్ లార్వాలను తక్కువ మోతాదులో కాలుష్య రసాయనాలకు గురిచేసి, తర్వాత కీటకనాశిని ఇస్తే అవి మామూలు లార్వాల కంటే ఎక్కువ తట్టుకున్నాయని 2008లో ప్రచురించిన పరిశోధన చూపింది. ఒకే పీ450 పలు విషాలను విరవగలదు. దాన్ని ఎవరు నిద్ర లేపారన్నది దానికి పట్టదు. కుళ్లిన ఆకుల నీళ్లు కూడా ఆ పని చేయగలవు. ఒకే మందు ఒక గుంటలో బాగా పనిచేసి, పక్క గుంటలో తేలిపోవడానికి ఇది ఒక కారణం.

ఇదే తర్కాన్ని తిప్పితే మనకు లాభం. మొక్కల్లో పీ450ల నోరు కట్టేసే పదార్థాలు కూడా ఉన్నాయి. నువ్వుల నూనె కలిపితే పైరెత్రిన్ బలం పెరుగుతుందని 1940లోనే గుర్తించారు. అందులోని సెసమిన్‌కు ఉండే ప్రత్యేక వలయ నిర్మాణమే జాజికాయలోని మిరిస్టిసిన్‌లోనూ, మందుల్లో విరివిగా వాడే పైపరొనైల్ బ్యూటాక్సైడ్‌లోనూ ఉంది. పీ450 దాన్ని విరవబోయి అక్కడే ఇరుక్కుపోతుంది. ముడి సారాలు శుద్ధ పదార్థాల కంటే కొన్నిసార్లు బాగా పనిచేయడానికి ఇదీ కారణమే: విషంతో పాటు దాని కాపలాదారుకు సంకెళ్లు కూడా అదే సీసాలో వస్తాయి.

మూడు రకాల దోమల లార్వాలూ ఒకేలా స్పందిస్తాయా?

లేదు. అనాఫిలిస్ గాంబియే జన్యుక్రమం 2002లో, ఏడిస్ ఈజిప్టైది 2007లో, క్యూలెక్స్ క్విన్‌క్వెఫాసియేటస్‌ది 2010లో వెలువడ్డాయి. పోల్చి చూస్తే మొదటిదానిలో సుమారు 105, రెండోదానిలో 160, మూడోదానిలో 200కు దగ్గరగా పీ450 జన్యువులు ఉన్నాయి. మురికి నీటిలో బతికే క్యూలెక్స్‌కు అన్ని ఉండటంలో ఆశ్చర్యం లేదనిపిస్తుంది, అయితే అది నా ఊహే. అలవాట్లూ వేరు. అనాఫిలిస్ లార్వా నీటిపై అడ్డంగా పడుకుని ఉపరితలం దగ్గర తింటుంది. మిగతా రెండూ తోక గొట్టంతో వేలాడుతూ లోపలికి కూడా దిగుతాయి. పైన తేలే నూనె మందు అందరికీ ఒకే మోతాదులో అందదు.

లార్వాగా ఉన్నప్పుడు తగిలిన మందు పెద్ద దోమలో గుర్తు మిగులుస్తుందా?

మిగులుస్తుంది. విషాన్ని విరవడానికి ఖర్చు చేసిన శక్తి పెరుగుదలకు దక్కదు. అలాంటి లార్వాల నుంచి తరచుగా చిన్న దోమలు వస్తాయి, చిన్న ఆడ దోమ పెట్టే గుడ్లూ తక్కువే.

బీటీఐ కూడా మొక్కల మందేనా?

కాదు, అది దోమ లార్వాలను చంపడానికి వాడే బ్యాక్టీరియా. 1976లో నెగెవ్ ఎడారిలో దొరికింది. మొక్కల మందులతో పాటు "జీవసంబంధ" అనే ఒకే గంపలో వేయడం వల్ల ఈ పొరపాటు వస్తుంది. దాని స్ఫటికంలో నాలుగు ముఖ్యమైన విష ప్రోటీన్లు కలిసి పేగు కణాలకు రంధ్రాలు చేస్తాయి. దానికి నిరోధకత అరుదుగా ఉండటానికీ పైన చెప్పిన పది తాళాల లెక్కే కారణం.

ఆకులు నూరి నిలవ నీటిలో కలిపితే సరిపోతుందా?

ఎంత పదార్థం కలిసిందో తెలియదు కాబట్టి ఎక్కువసార్లు చంపని మోతాదే పడుతుంది. ఎంజైములను నిద్ర లేపడానికి అది చాలు. అజాడిరక్టిన్ ఎండకు త్వరగా విరిగిపోతుంది, మిగిలిన ఆకు పిప్పి లార్వాలకు భోజనమవుతుంది. రోటెనోన్ ఉన్న వేళ్లయితే చేపలు ముందు చస్తాయి. పారబోయగల నీటిని పారబోయడమే మేలు. ఎండిన గిన్నెలో ఏ పీ450 లార్వాను కాపాడలేదు.